సౌరపవనాన్ని కొలిచే పరికరం
(అనంతపురంలో భౌతికశాస్త్ర విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ఉరవకొండ వైపు గాలిమరలను తిప్పే గాలి మనకు బాగా తెలుసు. ఆ గాలిలో ఒక ఘన సెంటీమీటరు తీసుకుంటే కోటి కోట్లకు రెండు లక్షల రెట్లకు పైగా అణువులుంటాయి. సూర్యుడి నుంచి వచ్చే ఆవేశిత కణాల ప్రవాహమైన సౌరపవనంలో, భూమి దగ్గర, అదే చోటులో మామూలుగా అయిదారు ప్రోటాన్లకు మించి ఉండవు. అవి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. వాటిని ఎలా కొలవాలన్నదే నేటి విషయం.

ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు లోహపు అర్ధగోళాలను ఊహించుకోండి. సగటు వ్యాసార్ధం 50 మిల్లీమీటర్లు, వాటి నడుమ సందు 5 మిల్లీమీటర్లు అనుకుందాం. లోపలి గోళానికి రుణ వోల్టేజి ఇస్తే సందులోకి వచ్చిన ప్రోటాన్ లోపలికి వంగుతుంది. శక్తి ఎక్కువైతే బయటి గోడకు, తక్కువైతే లోపలి గోడకు తగిలి ఆగిపోతుంది. ఈ కొలతలకు 200 వోల్టులిస్తే దాదాపు 1,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ప్రోటాన్లు మాత్రమే బయటపడతాయి. వోల్టేజిని మెట్లు మెట్లుగా మార్చుకుంటూ పోతే శక్తుల పట్టిక తయారవుతుంది. అదే వేగంతో వచ్చే ఆల్ఫా కణానికి, అంటే హీలియం కేంద్రకానికి, ప్రోటాన్ కన్నా ద్రవ్యరాశి నాలుగింతలు, ఆవేశం రెండింతలు. కాబట్టి అది 400 వోల్టుల దగ్గర కనబడుతుంది. తూకం వేయకుండానే రెండు జాతులూ విడిపోతాయి. నాకు ఈ రంగంలో ఇంతకన్నా అందమైన విషయం తోచదు.

బయటపడిన కణం సూక్ష్మనాళికల పలకను తాకుతుంది. అక్కడ ఆ తాకిడికి వెలువడిన ఒక్క ఎలక్ట్రాన్ పది లక్షలకు పైగా పెరిగి, కొలవదగ్గ విద్యుత్ స్పందన అవుతుంది.

అసలు చిక్కు సూర్యకాంతితో. ఆ పలక అతినీలలోహిత కాంతిని కూడా కణమనే లెక్కపెడుతుంది. పరికరం చూడాల్సిందేమో సూర్యుడి వైపే. కాంతిని విద్యుత్ క్షేత్రం వంచలేదు. అందుకే అది గోడలకు పలుమార్లు తగిలితే తప్ప పలకను చేరలేనట్టు ఆకారాన్ని ఎంచుకుంటారు, గోడలకు సన్నని గాడులు తీస్తారు, నల్లపూత పూస్తారు. నా దృష్టిలో రూపకర్త ప్రతిభంతా ఈ వడపోతలోనే ఉంది. కణాన్ని పట్టుకోవడం దానికన్నా తేలిక.

పరికరాన్ని రాకెట్‌లో అంతరిక్షానికి పంపిన వెంటనే దానికి అధిక వోల్టేజి ఇవ్వరు. భాగాల్లో చిక్కుకున్న వాయువు పూర్తిగా బయటికి పోకముందే ఇస్తే విద్యుత్ ఉత్సర్గం జరిగి పలక దెబ్బతింటుంది.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 అనే సూర్య పరిశీలక నౌకలో ఆస్పెక్స్, పాపా అనే ఇలాంటి పరికరాలున్నాయి. ఆస్పెక్స్‌ను అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనాలయం, పాపాను తిరువనంతపురంలోని అంతరిక్ష భౌతిక ప్రయోగశాల రూపొందించాయి. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో అవి పనిచేస్తున్నాయి. వాటి సమాచారాన్ని ఇస్రో ప్రదాన్ వెబ్‌సైటులో ఉంచింది. మీ ప్రయోగశాలలో శూన్యపు గది లేకపోవచ్చు, కంప్యూటర్ ఉంది కదా. ఈ అర్ధగోళాల్లో కణం దారిని లెక్కగట్టి, ఆ సమాచారంలో ప్రోటాన్ల శిఖరం పక్కన ఆల్ఫా కణాల శిఖరం ఎక్కడుందో వెతకండి.