ఆధారం ఏది బాబూ?

వేదిక మీది పెద్దలకూ, ప్రిన్సిపాల్ గారికీ నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైం దానికే సరిపోతుంది, మన్నించాలి.

గిడుగు జయంతికి పిలిచి ‘ప్రాజెక్టు రిపోర్టు రాయడం ఎలా’ అని టాపిక్ ఇచ్చారు. నాకు రెండూ ఒకటే. రామమూర్తి గారు 1863లో మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. వాడుకభాష కోసం పోరాడారని ఏటా ఆగస్టు 29న దండ వేస్తాం గానీ, ఎలా పోరాడారో చెప్పం. గ్రాంథికంలోనే రాయాలన్న పండితుల పుస్తకాలే ఆయన తెరిచారు. మీ వ్యాకరణం మీకే ఇక్కడ తప్పింది, ఇక్కడా తప్పింది అని వరసగా చూపించారు. నియమం పెట్టినవాళ్ళకే పట్టుబడని భాషను పిల్లల మీద ఎలా రుద్దుతారని నిలదీశారు. వాదన అంటే అదీ! ఒక మాట అనాలి, ఆధారం చూపాలి, ఆ ఆధారంతో ఆ మాట ఎలా నిలుస్తుందో చెప్పాలి. మన రిపోర్టుల్లో ఈ చివరిదే ఉండదు.

ఆధారం అంటే ఒకటి చెప్పకుండా దిగలేను. నాకు తెలిసిన అమ్మాయి పొందూరు ఖద్దరు మీద రాసింది. మొదటి వాక్యం: ‘ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు.’ ఆ పనికి పట్టే గంటలు కూలి లెక్కలోకి రావడం లేదని ఆమె వాదన. ఇంటింటికీ తిరిగి, వడికే ఆడవాళ్ళని అడిగి రాసింది. చూసిన పెద్దమనిషి ‘పరిశోధనలో చేప దవడేమిటమ్మా’ అని కొట్టేసి, ‘అనాది నుండి మానవుడు వస్త్రములు ధరించుచున్నాడు’ అని రాయించాడు! అయ్యా, మనిషి బట్ట కట్టుకుంటాడని చెప్పడానికి ఎంఏ చదవాలా? నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గిడుగు వారు సవర గిరిజనుల భాష నేర్చుకోడానికి సవర మనిషినే ఇంట్లో పెట్టుకున్నారు. పుస్తకం లేనిచోట మనిషిని అడగాలి. అడిగితే ఎవరిని, ఏ ఊళ్ళో, ఎప్పుడు అడిగారో రాయండి. పుస్తకమైతే పేజీ నంబరు వెయ్యండి. నెట్‌లో పేరా దించి రెండు మాటలు మారిస్తే అది మీదైపోదు.

ఏదో వరసలో చెబుదామనుకున్నాను, పోనివ్వండి. రిపోర్టులు తెచ్చారా? మొదటి పేజీ తీయండి. ‘అనాది’ ఉన్నవాళ్ళు చేతులెత్తండి. అమ్మో, ఇంతమందా! లెక్చరర్ గారూ, మీరు నవ్వకండి, డిక్టేట్ చేసింది మీరేనట. బాబూ, మైకు అటివ్వు. ఆ వాక్యం కొట్టేసి ఏం రాస్తారో ఒక్కొక్కరూ చెప్పండి.