బాపు అడిగిన బొగ్గు బాయి | కెనడాలో కంబర్లాండ్ ట్రిప్

హాయ్ అండీ, ఈ వీడియో మా బాపు ఆర్డర్. సింగరేణిలో చేసి రిటైరైన మనిషి కదా, "మీ కాడ బొగ్గు బాయిలు లేవా, చూపియ్" అని ఒకటే పోరు. అందుకే వాంకూవర్ నుంచి ఫెర్రీలో వాంకూవర్ ఐలాండ్‌కి వచ్చాం. కారుతో కలిపి ఒక వైపుకే వంద డాలర్ల పైన, అంటే మన ఆరు వేలు దాటింది. బాపూ, ఈ ముక్క విననట్టే ఉండు.

ఇదే కంబర్లాండ్. బాయిలు ఎప్పుడో మూతపడ్డాయి, ఇప్పుడు అడవంతా సైకిళ్లే. ఆ నీలం సైకిల్ ధర అడిగాను, ఐదు వేల డాలర్లట! మూడు లక్షలు పెట్టి, బురదలో తొక్కి, మళ్లీ వాళ్లే కడుక్కుంటారు. మా చిన్నోడు తనకూ కావాలని అక్కడే కూర్చున్నాడు, వాడిని లేపేసరికి మ్యూజియం టైమ్ కాస్తా అయిపోయింది.

సరే, నేరుగా శ్మశానానికే వచ్చాం. ఇది కార్మిక నాయకుడు జింజర్ గుడ్విన్ సమాధి. ఇంగ్లాండులో యార్క్‌షైర్ నుంచి 1906లో కెనడా వచ్చి బొగ్గు తవ్వాడు. 1912లో ఇక్కడ ఏమైందంటే, బాపూ, ఇది నీకు బాగా అర్థమవుతుంది, బాయిలో గ్యాస్ ఉందని రిపోర్టు ఇచ్చిన ఆస్కార్ మాటిషాని పనిలోంచి తీసేశారు. కార్మికులు బాయిలోకి దిగలేదు, కంపెనీ గేటు మూసేసింది. 1914 దాకా సాగిన ఆ సమ్మెలో గుడ్విన్ ఉన్నాడు. ఆ తర్వాత ఇక్కడి బాయిల్లో అతనికి పని దొరకలేదు. ట్రెయిల్ అనే ఊళ్లో స్మెల్టర్‌లో, అంటే లోహం కరిగించే ఫ్యాక్టరీలో చేరి, 1917లో ఎనిమిది గంటల పని కోసం సమ్మె నడిపాడు. అంతకుముందు ఆరోగ్యం బాగాలేదని మొదటి ప్రపంచ యుద్ధానికి పనికిరాడన్న సైన్యం వాళ్లు, సమ్మె మొదలయ్యాక పనికొస్తాడని మార్చేశారు! ఎంత టైమింగో చూడండి. సైన్యంలోకి పోకుండా ఈ కొండల్లో దాక్కుంటే, 1918 జులైలో పోలీసు కాల్చేశాడు. అంత్యక్రియల రోజు, ఆగస్టు 2న, వాంకూవర్‌లో ఒక రోజు పని బంద్ పెట్టారు.

చనిపోయేనాటికి 31 ఏళ్లే. వాళ్లమ్మకి ఈ కబురు ఎన్నాళ్లకు చేరిందో... కాసేపు కెమెరా ఆపేశాను, ఏమీ అనుకోకండి.

తమాషా ఏంటంటే, ఇక్కడి హైవే ముక్కకి 1996లో ఇతని పేరు పెట్టారు, 2001లో ప్రభుత్వం మారగానే బోర్డులు పీకేశారు, 2018లో మళ్లీ పెట్టారు. పేర్ల గొడవ మనకే అనుకున్నాను! బోర్డు దగ్గర ఆపమంటే హైవే మీద ఆపకూడదని మా ఆయన ఆపలేదు. కాబట్టి అద్దంలోంచే, అదిగో, పోయింది. బాపూ, పాజ్ చేసి చూడు.