తలకు 33 డాలర్లు

శ్రోతలకు నమస్కారం. కరోనా ఏట అమెరికా పశువుల రైతులకు అందిన సర్కారు సాయం గురించి ఈ నాలుగు మాటలు.

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో చెర్రీ కౌంటీ అని ఒకటుంది. విస్తీర్ణంలో ఇంచుమించు మన పాత చిత్తూరు జిల్లా అంత. జనాభా మాత్రం 2020 లెక్కల్లో 5,500 కూడా లేదు. ఇసుక దిబ్బల మీద గడ్డి, ఆ గడ్డిలో ఆవులు. మనుషుల కంటే పశువులే ఎన్నో రెట్లు ఎక్కువ. వసంతంలో పుట్టిన దూడలను వేసవంతా మేపి, చలికాలానికి ముందు వేలానికి తోలుకుపోవడమే అక్కడి బతుకుతెరువు.

2020లో కరోనా వచ్చి హోటళ్లు మూతపడ్డాయి. పశువులను కోసి మాంసం చేసే కర్మాగారాల్లో కార్మికులు జబ్బుపడ్డారు. పక్క రాష్ట్రం సౌత్ డకోటాలో ఓ పెద్ద పందిమాంసం కర్మాగారానికి ఏప్రిల్‌లో తాళం పడింది. కోసేవారు లేక పశువు ధర పడిపోయింది. అంగట్లో మాంసం ధర మాత్రం పెరిగింది. ఈ విచిత్రం టమాటా రైతులకు నేను చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్ 17న అమెరికా వ్యవసాయ శాఖ 1,900 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. అందులో 1,600 కోట్లు నేరుగా రైతులకు. దరఖాస్తులు మే 26న మొదలయ్యాయి. కౌంటీ కార్యాలయంలోకి రైతులను రానివ్వని రోజులవి కాబట్టి పని చాలావరకు ఫోనులోనే నడిచింది. ఎన్ని తలలున్నాయో రైతే రాసి సంతకం పెట్టాలి. తనిఖీకి వస్తే చూపడానికి రసీదులు దాచుకోవాలి.

అసలు తిరకాసు తేదీల్లో ఉంది. జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 లోపు అమ్మిన పశువుకు ఒక రేటు. 600 పౌండ్లు, అంటే సుమారు 270 కిలోలు దాటిన మేపుడు పశువుకైతే, అంటే కోతకు ముందు ఇంకా మేపి బలిపించాల్సినదానికైతే, 139 డాలర్లు. ఏప్రిల్ 16 నుంచి మే 14 వరకు మందలో ఉన్నదానికి, ఆవైనా దూడైనా, తలకు 33 డాలర్లే. ఏప్రిల్ 15న తోలినవాడికి 139, మర్నాడు తోలినవాడికి 33! ధర అప్పటికేమీ కోలుకోలేదు. ఓపిక పట్టి ఆగినవాడికే తక్కువ ముట్టింది. నాకైతే ఇది గీత గీసినవాడి తప్పుగానే కనిపిస్తుంది.

అయితే ఆ నాలుగు వారాల్లో మంద ఎక్కువగా ఉన్న రోజును రైతే ఎంచుకోవచ్చు. అది ఈతల కాలం. 300 ఆవులు, అప్పటికి పుట్టిన 250 దూడలు ఉన్నాయనుకుందాం. మొత్తం 18,150 డాలర్లు. ముందు అందులో 80 శాతమే ఇచ్చి, మిగతాది తర్వాత వేశారు. మనిషికి రెండున్నర లక్షల డాలర్లు దాటకూడదని పరిమితి కూడా ఉండేది.

తెలంగాణలో అప్పటి మన రైతుబంధు ఎకరాల లెక్కన ఉండేది. పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే డబ్బు వారికే వచ్చేది, కౌలురైతుకు ఉండేది కాదు. అక్కడ భూమి ఎవరిదని కాదు, నష్టం ఎవరి నెత్తిన పడిందని అడిగారు. నగదు కౌలుకు ఇచ్చిన భూస్వామికి ఏమీ రాలేదు. ఈ పద్ధతి నాకు నచ్చింది. కానీ అదే సూత్రం కోళ్ల షెడ్ల దగ్గర బెడిసికొట్టింది. కంపెనీ కోళ్లను కాంట్రాక్టుకు పెంచే రైతుకు, కోడి అతనిది కాదు కాబట్టి, మొదట్లో పైసా దక్కలేదు. షెడ్డు అప్పు మాత్రం అతనిదే. 2021లో గానీ వారిని పథకంలో చేర్చలేదు.

సెప్టెంబరులో రెండో విడత వచ్చింది. ఈసారి మాంసపు పశువుకు తలకు 55 డాలర్లు. మందను లెక్కించే కాలాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించారు, ఈత కోసం ఉంచుకున్న ఆవులను లెక్కలోంచి తీసేశారు. మే 15న పుట్టిన దూడ మొదటి లెక్కకు అందలేదు కదా, ఇప్పుడు దానికి 55 వచ్చింది. తల్లి ఆవుకు సున్నా.