బిందె మెడకు గుడ్డపీలిక

శ్రోతలకు నమస్కారం.

చాలా ఏళ్ల కిందటి మాట. చిత్తూరు 2012లో కార్పొరేషన్ అయింది. నేను చెప్పబోయేది అంతకు ముందు, ఇంకా మున్సిపాలిటీగా ఉన్న రోజుల సంగతి. మా వార్డు కౌన్సిలరు పదవిలో ఉండగానే గుండెపోటుతో పోయారు. అర్ధరాత్రి తలుపు తట్టినా చొక్కా వేసుకుని ఆసుపత్రికి తోడొచ్చే మనిషి. ఆయన పోయిన ఖాళీకి ఉప ఎన్నిక వచ్చింది. అందులో నేను ఇండిపెండెంటుగా నిలబడ్డాను, ఓడిపోయాను. ఆ కొద్ది రోజుల గురించే ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను. వార్డు ఎన్నికలో నిలబడటం మామూలు ఇళ్లవాళ్ల పని కాదని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను.

నాది టైలరింగ్. ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు పెట్టుకుని రవికలు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టేదాన్ని. మా వార్డు సగం రోడ్డు వారగా పల్లంలో ఉంటుంది, మిగతా సగం బండ మీద. చిత్తూరు చూసినవాళ్లకు తెలుసు, ఊరి చుట్టూ గుట్టలే. కింది వీధుల్లో కొళాయి తిప్పితే సన్నగానైనా ధార వచ్చేది. పై వీధికి మాత్రం నీళ్లు ఎక్కేవి కావు. పైపు చివర, పైగా ఎత్తు. నాలుగు రోజులకోసారి ట్యాంకరు వచ్చేది, కొన్నిసార్లు అదీ వచ్చేది కాదు. రవిక కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు ఇంకే మాట మొదలుపెట్టినా చివరికి నీళ్ల దగ్గరికే వచ్చేవాళ్లు.

ఉప ఎన్నిక తేదీ వచ్చాక గుడి మండపంలో పెద్దలు కూర్చున్నారు. పోయినాయన భార్యనే నిలబెడదాం, ఏకగ్రీవం చేద్దాం అన్నారు. పాపం ఆ ఇంటికి జరిగిన కష్టం చూసినవాళ్లం, ఎవరమూ కాదనలేదు. రవికలు ఇవ్వడానికి అటుగా పోయిన నేను నిలబడి విన్నాను. ఉండబట్టలేక, "మరి పై వీధి నీళ్ల సంగతేమన్నా అనుకున్నారా?" అని అడిగాను. ఒకాయన, "అవన్నీ తర్వాత చూద్దాం లేమ్మా" అన్నారు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నారు. ఆ మామూలుగా అనడమే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మా వార్డు జనరల్. జనరల్ అంటే మగవాళ్లకని మా వీధిలో చాలామంది అనుకునేవారు. జనరల్ అంటే ఎవరైనా నిలబడవచ్చని, ఆడవాళ్లూ అందులో ఉన్నారని నేను మా ఆయనకే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. స్థానిక సంస్థల్లో మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు మహిళలకు ఉండాలని 1992లో 73, 74వ రాజ్యాంగ సవరణలు తెచ్చారు. అవి మరుసటి ఏడు, 1993లో అమల్లోకి వచ్చాయి. మన రాష్ట్రంలో ఇప్పుడది సగానికి పెరిగింది. అయినా మిగతా సగం మగవాళ్లకు రాసిచ్చింది కాదు, అది అందరిదీ. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, ఆ ఊరి ఓటరు లిస్టులో పేరుండాలి. అనర్హతలేవీ ఉండకూడదు. చదువు ఇంత ఉండాలని ఎక్కడా లేదు.

అనర్హత అన్నాను కాబట్టి ఒక మాట. నాకంటే బాగా మాట్లాడగలిగిన ఆమె మా పక్క వీధిలోనే ఉండేది. ఆమెను నిలబెట్టాలనే మొదట అనుకున్నాను. కానీ ఆమెకు ముగ్గురు పిల్లలు. చట్టంలో చెప్పిన తేదీ తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి పనికిరారన్న నిబంధన అప్పుడు ఉండేది. 2024 నవంబరులో మన శాసనసభ దాన్ని తీసేసింది. ఆ వార్త విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆమే.

నామినేషన్ వేసే ముందు పోయినాయన ఇంటికి వెళ్లాను. వెళ్లకుండా ఎదురు నిలబడటానికి నాకు మనసొప్పలేదు. ఆమె నన్ను వంటింట్లోకి తీసుకుపోయి పీట వేసింది. పదకొండో రోజు అయి నెల కూడా కాలేదు. నా గొంతులో మాట రాలేదు. ఆమే అంది: "నువ్వు నిలబడుక్కా. నన్నెవరూ నిలబడతావా అని అడగలేదు, నిలబడాలని చెప్పినారు. నీకు నువ్వుగా నిలబడతా ఉండావు, నాకేం కోపం లేదు." ఆ తర్వాత ప్రచారంలో ఎదురుపడినప్పుడల్లా ఇద్దరం పలకరించుకునే పోయాం. మా మనుషులకు అది వింతగా ఉండేది.

నామినేషన్ అంటే పెద్ద తతంగం అనుకుంటాం. ఫారం చిన్నదే. కష్టమంతా ఓటరు లిస్టు దగ్గర. అభ్యర్థిని ప్రతిపాదించేవారు ఆ వార్డు ఓటరే అయి ఉండాలి. నా స్నేహితురాలు సంతకం పెడతానని వచ్చింది. మా ఇంటికి ఆమె ఇంటికి మధ్య ఒక్క సందు. లిస్టు తెరిచి చూస్తే ఆ సందే రెండు వార్డులకు హద్దు. అటువైపు ఆమె, ఇటువైపు నేను. ఇంకొకరిని వెతికితే ఆమె భర్త పేరు లిస్టులో తప్పు పడి ఉంది. స్క్రూటినీలో ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని అదో టెన్షన్. చివరికి పాలు పోసే పెద్దామె వేలిముద్ర కాకుండా కష్టపడి ఒక్కో అక్షరం పేర్చి సంతకం పెట్టింది. ఆ సంతకం మీద నేను అభ్యర్థినయ్యాను. ఇప్పుడైతే ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలతో అఫిడవిట్ కూడా ఇవ్వాలి, దానికి ముందే కూర్చుని రాసిపెట్టుకోవాలి. ఈ ఎన్నికలు జరిపేది ఢిల్లీ ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. ఏదైనా సందేహం వస్తే మున్సిపల్ ఆఫీసులో కూర్చునే రిటర్నింగ్ అధికారినే నేరుగా అడగవచ్చు. అడిగితే చెబుతారు. నాకు చెప్పారు.

ఉపసంహరణ గడువు వరకు ఇంటికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. కొందరు మంచిమాటగా, కొందరు కాస్త గట్టిగా. మా ఆయన పనిచేసే చోటికీ కబురు వెళ్లింది. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, "కాయితాలు వెనక్కి తీసుకుంటావా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే రేపటి నుంచి పొద్దున సంగటి నేను గెలుకుతా, నువ్వు బయల్దేరు" అన్నారు. అంతకు మించి ఆయన ఈ విషయం మాట్లాడలేదు, నాకు అంతకు మించిన అండా అవసరం పడలేదు.

గడువు అయ్యాక నాకు నిచ్చెన గుర్తు వచ్చింది. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. మున్సిపాలిటీల్లో ఉంటాయి. పార్టీ గుర్తు జనానికి ఏళ్లుగా తెలుసు, నా నిచ్చెన సంగతి వాళ్లకు చెప్పడానికి నాకున్నవి కొన్ని రోజులే. ఉప ఎన్నికలో ఇంకో ఇబ్బంది ఉంది. మామూలు ఎన్నికల్లో నాయకులు ఊరంతా పంచుకుని తిరుగుతారు. ఉప ఎన్నికలో ఊరి నాయకులంతా ఒక్క వార్డులోనే దిగుతారు. ఎప్పుడూ ఆటో కూడా రాని మా సందుల్లోకి జీపులు వచ్చాయి. నా దగ్గర ఉన్నది చేతి సంచీ, కరపత్రాలు, మా పెద్దమ్మాయి అట్టముక్క మీద గీసిన నిచ్చెన బొమ్మ.

అలా ఇల్లిల్లూ తిరుగుతూ ఒక పొద్దున పై వీధికి పోయాను. చిత్తూరులో ప్రచారం ఒక్క భాషతో నడవదు. ఒక వాకిట్లో తెలుగు, పక్క వాకిట్లో అరవం, ఆ వెనక వీధిలో ఉర్దూ. వచ్చీరాని అరవంలో నమస్కారం పెట్టి తలెత్తేసరికి, వీధి పొడుగునా బిందెల వరుస. ట్యాంకరు కోసం రాత్రే పెట్టిన బిందెలు. స్టీలువి, ప్లాస్టిక్‌వి, సొట్టలు పోయిన సత్తువి. ప్రతి బిందె మెడకూ ఒక గుడ్డపీలిక కట్టి ఉంది. ఎవరి బిందె ఏదో తెలియడానికి, వరుస తప్పకుండా ఉండటానికి. దగ్గరికి పోయి చూస్తే ఆ పీలికలు నావే. నీలిరంగు యూనిఫారం గుడ్డ, మామిడిపిందెల అచ్చున్న రవిక గుడ్డ, ఎర్ర సాటిన్. పై వీధి పిల్లలు వచ్చి కత్తిరింపులు అడిగితే బొమ్మలకు చీరలు కట్టుకుంటారని ఇన్నాళ్లూ సంచుల కొద్దీ ఇచ్చాను. ఏళ్ల తరబడి ఇచ్చాను, ఒక్కసారి కూడా ఆ గుట్ట ఎక్కి చూడలేదు. నీళ్ల సంగతి నాకు తెలుసనే అనుకున్నాను. తెలిసింది విన్నంత మేరకే.

వరుస చివర కూర్చున్న ముసలమ్మ నన్ను గుర్తుపట్టింది. "ఓటుకొచ్చినావా పాపా?" అంది. అవునన్నాను. "రాత్రి రెండు గంటలకు లేచి ఈడ కూచోని ఉండా. నా బిందె జరిపేస్తారని. నువ్వు గెలిస్తే ఆ గంట నిద్ర ఇప్పిస్తావా?" అంది. నేను ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. కౌన్సిలరు ఒంటరిగా రూపాయి కూడా మంజూరు చేయలేరు. కౌన్సిల్ సమావేశంలో లేచి అడగాలి, ఇంజనీర్లు అంచనా వేయాలి, తీర్మానం కావాలి, నిధులు రావాలి. ఇదంతా ఆమె పక్కన కూర్చుని చెప్పాను. "ఎన్నిసార్లు అడగాలంటే అన్నిసార్లు లేచి అడుగుతా అవ్వా, అంతవరకే నా చేతిలో ఉండేది" అన్నాను. ఆమె నిచ్చెన బొమ్మను కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసి, మడిచి రొంటిన దోపుకుంది.

డబ్బు సంగతీ చెప్పాలి. రెండు ఇళ్లలో, "వాళ్లిచ్చింది తీసుకున్నాం, ఓటు మాత్రం నీకే వేస్తాం" అన్నారు. నన్ను సంతోషపెట్టాలనే అన్నారు. నాకు మాత్రం బాధేసింది. తీసుకోవద్దని చెప్పి వచ్చాను. అది చెప్పినందుకు ఆ రెండిళ్లలో ఓట్లు పోయాయేమో, పోతే పోయాయి.

"మిగిలింది కొద్దికాలమే కదా, ఈ కొద్దికాలానికి నువ్వు నిలబడి ఏం చేస్తావు?" అని అందరూ అడిగిన మాట. ఉప ఎన్నికలో గెలిచినవాళ్లకు పూర్తి అయిదేళ్లు ఉండవు, పోయినవారి మిగిలిన పదవీకాలమే. కానీ వార్డుకు అడిగే మనిషి లేకపోతే ఎలా ఉంటుందో తిరుపతిలో ఉన్న మా చెల్లెల్ని చూసి తెలుసుకున్నాను. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది. ఆ కార్పొరేషన్‌కు మొదటి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. మధ్యలో అన్నేళ్లూ ఆఫీసర్ల పాలనే. వీధిలో కాలువ పొంగితే ఎవరి ఇంటి తలుపు తట్టాలో తెలియదక్కా అని చెల్లెలు ఫోన్‌లో అనేది. ఆఫీసరు మంచివాడే కావచ్చు, కానీ ఆయన మన వీధిలో ఉండడు, మన ఓటు అడగడానికి రావాల్సిన పనీ లేదు. కాబట్టి కొద్దికాలమైనా నాకు అది చిన్న విషయం కాదు.

పోలింగ్ బ్యాలెట్ పేపరు మీద. పెద్దవాళ్లకు ముద్ర ఎక్కడ వేయాలో చెప్పడం ఒక ఎత్తు, కాగితం మడవడం చెప్పడం ఇంకో ఎత్తు. సిరా ఆరకుండా అడ్డంగా మడిస్తే ముద్ర ఇంకో గుర్తు మీదా అంటుకుంటుంది. నిలువుగా మడవండి అవ్వా అని పాత కాగితాలతో చేసి చూపించాను. నాకు ఓటు వేయనన్నవాళ్లకూ చూపించాను. లెక్కింపులో పాతికేసి కట్టలు కడుతుంటే, రెండు గుర్తుల మధ్య గీత మీద పడ్డ ముద్రలు, వేలిముద్ర వేసిన కాగితాలు పక్కకు పోతుంటే కడుపు తరుక్కుపోయింది. ఎవరో ఎండలో నిలబడి వేసిన ఓటు అది.

చెల్లిన ఓట్లు 1,694. నాకు 312. మూడో స్థానం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే డిపాజిట్ తిరిగి ఇస్తారు, అది దక్కింది. పోయినాయన భార్య గెలిచింది. ఆ సాయంత్రమే ఆమె మా ఇంటికి వచ్చి, "ఆ బిందెల లెక్క నాకు రాసియ్యక్కా" అంది. ఏ వీధిలో ఎన్ని ఇళ్లు, ట్యాంకరు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు రాలేదు, తిరిగినప్పుడు రాసుకున్న నోట్సు అంతా ఇచ్చాను. ఆమె దాన్ని కౌన్సిల్ సమావేశానికి పట్టుకుపోయింది, ఒకసారి కాదు. పై వీధికి బూస్టరు మోటారు పెట్టి పైపు వేసేసరికి ఆమె పదవీకాలం ముగింపుకు వచ్చింది. అప్పటికి ఆ ముసలమ్మ లేదు.

పోయిన నెల మా సందు చివరి ఇంటి అమ్మాయి వచ్చింది. డిగ్రీ అయింది, మెడికల్ షాపులో పనిచేస్తోంది. "ఎన్నికలొస్తే నిలబడాలని ఉంది పెద్దమ్మా, ఏం చేయాలి?" అని అడిగింది. నా ఖర్చుల పుస్తకం ఇంకా ఉంది, తీసి ఇచ్చాను. కరపత్రాలకు ఎంత, టీలకు ఎంత, ఆటోకు ఎంత, అన్నీ తేదీలతో ఉన్నాయి. గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్కలు అప్పగించాలి, అప్పగించకపోతే తర్వాత పోటీకి అర్హత పోతుంది, అందుకే మొదటి రోజు నుంచే రాయమని చెప్పాను. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని లేవబోతే కూర్చోబెట్టి, ముందు ఓటరు లిస్టులో తన పేరు ఏ వార్డులో ఉందో ఫోన్‌లో చూపించమన్నాను. సందుకు ఇటువైపే ఉంది.

నమస్కారం.