1956లో మనం అడిగిన ప్రశ్న

గ్రంథాలయ వారోత్సవాల సభకు అధ్యక్షత వహిస్తున్న మేడంగారికి, వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

అంటార్కిటికాలో మన పరిశోధనా కేంద్రాల గురించి మాట్లాడమన్నారు. మైత్రి, భారతి రెండూ మనం గర్వపడాల్సినవే. కానీ వాటికంటే ముందు జరిగిన ఒక సంగతి చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేను.

1950ల నాటికే ఏడు దేశాలు ఆ ఖండాన్ని ముక్కలుగా గీసుకుని కూర్చున్నాయి. బ్రిటన్, అర్జెంటీనా, చిలీ అయితే ఒకే ద్వీపకల్పాన్ని మాదంటే మాదన్నాయి. 1952లో ఆ ద్వీపకల్పంలోని హోప్ బే దగ్గర, కాలిపోయిన తమ స్థావరాన్ని మళ్లీ కట్టుకుందామని బ్రిటిష్ వాళ్లు దిగితే, అర్జెంటీనా వాళ్లు వాళ్ల తలల మీదుగా మెషిన్ గన్ పేల్చారు. ఊరూ పేరూ లేని మంచు నేల కోసం తుపాకులు!

అలాంటి సమయంలో, 1956లో, ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధి ఆర్థర్ లాల్ ఈ విషయం చర్చకు పెట్టమని కోరారు. ఆ ఖండాన్ని శాంతికీ, అందరి మేలుకీ మాత్రమే వాడాలన్నది మన మాట. చిలీ, అర్జెంటీనా గట్టిగా అడ్డుపడ్డాయి. మనం వెనక్కి తీసుకున్నాం. 1958లో మళ్లీ అడిగాం, మళ్లీ వెనక్కి తీసుకున్నాం. 1959 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో 12 దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అడిగిన మనం అందులో లేం. వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికా ఉంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఒప్పందం చెడ్డదని అనను. సైనిక స్థావరాలు వద్దంది, అణు పరీక్షలు వద్దంది. కానీ నాలుగో అధికరణం చూడండి: ఆ ఏడు దేశాలు చెప్పుకున్న పాత హక్కుల్ని ఒప్పుకోదు, కాదనదు. అవి అలాగే బతికున్నాయి.

1983లో మనమూ సభ్యులమయ్యాం. మనం ఒకప్పుడు అడిగిన ప్రశ్ననే మలేసియా ఐరాసలో అడిగితే, ఒప్పందం లోపలి దేశాల పక్కన నిలబడ్డాం. అది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

పిల్లలూ, ఇది జాగ్రత్తగా వినండి. 2048లో ఒప్పందం అయిపోతుంది, తవ్వకాలు మొదలవుతాయి అని వాట్సాప్‌లో తిరుగుతోంది. అది తప్పు. ఆ ఒప్పందానికి అనుబంధంగా, పర్యావరణ రక్షణ కోసం 1991లో చేసుకున్న మాడ్రిడ్ ప్రోటోకాల్ పరిశోధనకు తప్ప ఖనిజాల జోలికి వెళ్లొద్దంది. దానికి గడువు లేదు. 2048 తర్వాత ఓటు హక్కున్న ఏ సభ్యదేశమైనా సమీక్ష కోరవచ్చు, అంతే. కానీ కోరేవాళ్లు ఉంటారు. చమురు, ఖనిజాల మీద ఆశ పోలేదు.

1988లో తవ్వకాలకు దారి తీసే ఒప్పందం తయారయింది కూడా. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ మేం చేరబోమన్నాయి. అది అక్కడే ఆగిపోయింది. రెండు దేశాలు చాలాయి!

ఓటు హక్కున్న 29 దేశాల్లో ఇప్పుడు మనమూ ఉన్నాం. 2024లో వాళ్ల సమావేశం మన కొచ్చిలోనే జరిగింది. 2048కి మీలో చాలామందికి నలభై ఏళ్లుంటాయి. ఎవరైనా తవ్వుదామంటే భారతదేశం ససేమిరా అంటుందా? మీ ఎంపీ ఎక్కడ కనిపించినా ఈ ప్రశ్న అడగండి, జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి.