దురద ఒకటే, మందు ఒకటి కాదు
(పలాసలో జీడిపిక్కల పనివారి ముందు ఒక చర్మవైద్యుడి ప్రసంగం)

అమ్మలకీ అక్కలకీ నమస్కారం. ఇంట్లో ఉన్న పూతమందు ట్యూబులన్నీ పట్టుకు రమ్మన్నాను. తెచ్చారు కదా? చివర్లో చూద్దాం, ముందు చేతులు చాపండి.

ముందు వరసలో అమ్మ వేళ్ల కొసలు నల్లబడి పెచ్చులూడుతున్నాయి. ఈ ఊళ్లో దాన్ని జబ్బనుకోరు, పిక్కలు కొట్టే చేతులింతే అంటారు. పిక్క తొక్కులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. కొందరికి అది అసలే పడక, చెయ్యి తగిలిన కనురెప్పలూ మెడా కూడా ఎర్రగా దద్దురెక్కుతాయి. మామిడీ, జీడిమామిడీ, చాకలి గుర్తులు పెట్టే నల్లజీడీ ఒకే కుటుంబం. మామిడి సొనకి మూతి పేలేవాళ్లు మీలో ఉండే ఉంటారు. దీనికి మొదటి మందు గ్లౌజులు. అవి లేకపోతే పనికి ముందు చేతులకి నూనె, దిగగానే సబ్బు. ముదిరితే కొద్దిరోజులు స్టెరాయిడ్ పూత రాస్తాం. ఇక్కడ అది సరైన మందే.

మిగిలిన ట్యూబుతోనే వస్తుంది తంటా. గజ్జల్లో తామరున్న మరిది అది తీసి రాసుకుంటాడు. "రెండు పూటల్లో తగ్గిపోనాది బాబూ" అని నాతోనే చెప్తాడు. తగ్గింది దురద. తామర అంటే ఫంగస్, అది చావలేదు. ఒంటికి కాపలా కాసే శక్తిని స్టెరాయిడ్ నిద్రపుచ్చుతుంది. కాపలావాణ్ని నిద్రపుచ్చితే దొంగకేం భయం? తొడలకీ నడుముకీ పాకుతుంది, చక్రం అంచు చెదిరి మాకే గుర్తు దొరకదు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి పడే చారలు ఇక పోవు. 2018లో కేంద్రం ఇలాంటి పూతల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. మీ వీధి షాపులో ఎవరైనా చీటీ అడిగారా?

తామరకి ఫంగస్‌ని చంపే మందే రాయాలి, మచ్చ పోయినట్టు కనిపించాక ఇంకో రెండు వారాలు కూడా.

రాత్రిళ్లు దురద, వేళ్ల సందుల్లో పొక్కులు, ఇంట్లో ఇంకొకరికీ అదే గోల అయితే గజ్జి. దానికి పెర్మెత్రిన్ అనే పూతమందు మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి రాసి పొద్దున్న కడగాలి, వారం తరవాత మళ్లీ ఒకసారి. ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోకపోతే డబ్బు దండగ.

అక్కి లేస్తే జాజుతో సింహం బొమ్మ వేయిస్తారు. వేయించుకోండి, నాకేం కోపం లేదు. మాత్రలు మాత్రం 3 రోజుల్లోపే మొదలెట్టాలి, బొమ్మ ఆరకముందే ఆస్పత్రికి రండి.

సరే, ఆ వెనకమ్మ చెంగుచాటున దాచిన ట్యూబుందే, అది ఇలా ఇవ్వండి. దాని మీదేం రాసుందో చదువుదాం.