7200 రామ్ కొనేముందు ఈ పంటు లెక్క వినండి

నమస్కారమండి. అమలాపురం నుంచి, భీమవరం నుంచి ఒకటే మెసేజ్: "అన్నా, ఏఎండీ రైజెన్ 7600 ప్రాసెసర్‌కి 7200 స్పీడ్ డీడీఆర్5 రామ్ వేసేశాను, ఇంక తిరుగులేదు కదా?" తిరుగుంది తమ్ముడూ. ఎక్కువ డబ్బు పోసి తక్కువ పని చేయించుకుంటున్నావు. వినీ వినీ ఒళ్ళు మండి ఈ వీడియో చేస్తున్నాను.

సఖినేటిపల్లి రేవు తెలుసుగా? బస్సు దిగి, పంటు, అంటే జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. బస్సు మీ రామ్. నరసాపురం ప్రాసెసర్ కోర్లు. మధ్యలో పంటు ఉంది చూశారూ, అదే మెమరీ కంట్రోలర్. అది ప్రాసెసర్ లోపలే ఉంటుంది. రామ్ డబ్బా మీద దాని ఊసెవడూ ఎత్తడు, వచ్చిన చిక్కల్లా అదే.

6000 రామ్ అసలు గడియారం 3000 మెగాహెర్ట్జ్. టిక్కుకి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 6000 అంటారు. కంప్యూటర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో 3000 కనిపించిందని షాపాయనతో గొడవకి వెళ్ళకండి. రైజెన్ 7000 సిరీస్ చిప్పుల్లో, మీ 7600 కూడా అందులోదే, కంట్రోలర్ కూడా ఆ 3000 దగ్గర హాయిగా నడుస్తుంది. బస్సు వచ్చేసరికి పంటు రేవులో సిద్ధం. దిగారు, ఎక్కారు, దాటారు.

(స్క్రీన్ మీద: రామ్ 3600, కంట్రోలర్ 1800)

ఇప్పుడు 7200 చూడండి. బస్సు 3600 మీద దూసుకొస్తోంది. పంటు ఇంజను అంత లాగలేదు. అందుకని మదర్‌బోర్డు దాన్ని సగానికి దించేస్తుంది, 1800కి. అంటే రెండు బస్సులకి ఒక పంటు! మొదటి బస్సు జనం గట్టు మీద ఎండలో నిలబడాలి. బస్సు డ్రైవరేమో "ఎంత స్పీడుగా తెచ్చానో చూశారా" అంటాడు. తెచ్చావులే నాయనా, మేం నరసాపురం చేరేదెప్పుడు? గేముల్లో ఫ్రేములు జారేది ఇక్కడే. గేము చిన్న చిన్న ముక్కలడిగి, వచ్చేదాకా కాచుక్కూర్చుంటుంది మరి. ఈ నష్టం పూడాలంటే 8000 దాకా పోవాలి. దానికి తగ్గ బోర్డు ఖరీదు చూస్తే మీకే విరక్తొస్తుంది.

"ఏఎండీ వాళ్ళు 5200 అనే రాశారు, 6000 వేస్తే కాలిపోదా?" అని ఇంకొందరు. ఆయ్, కాలదండి. 5200 అన్నది 7000 సిరీస్‌కి కంపెనీ ఇచ్చే హామీ, 9000 సిరీస్‌కి 5600. ఆ పైన ఏం వేసినా లెక్క ప్రకారం ఓవర్‌క్లాకే, అంటే హామీని మించి నడపడమే, కానీ 6000 అందరూ వాడుతున్నదే.

మరి రామ్ మీద స్పీడ్ పక్కన రాసుండే సీఎల్ అంకె? అది టికెట్ కౌంటర్ దగ్గర నిలబడే సేపు. సీఎల్‌ని 2000తో గుణించి స్పీడ్‌తో భాగించండి. 6000 సీఎల్ 30 అయితే 10 నానోసెకన్లు. పాత తరం డీడీఆర్4 రామ్‌లో 3200 సీఎల్ 16 కూడా సరిగ్గా 10! అదే 6000లో సీఎల్ 40 తెచ్చుకుంటే 13 దాటిపోతుంది. నన్నడిగితే 7200 మీద పెట్టే డబ్బు సీఎల్ 30 మీద పెట్టండి.

అన్నీ సరిగ్గా కొని బయాస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, రామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే ఎక్స్‌పో ఆన్ చెయ్యనివాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. కొన్నది 6000, నడిచేది 4800. టాస్క్ మేనేజర్‌లో ఇప్పుడే చూసుకోండి, నేనాగుతాను.

టైమైపోతోంది, మిగతాది గబగబా. రెండే స్టిక్కులు వెయ్యండి, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు, నాలుగో స్లాటు. నాలుగూ నింపితే 7000 సిరీస్‌లో కంపెనీ హామీ 3600కి పడిపోతుంది. రైజెన్ 5000 వాళ్ళు డీడీఆర్4 3600 దగ్గర ఆగండి. ఇంటెల్‌లో డీడీఆర్5 వేస్తే కంట్రోలర్ మామూలుగానే సగం స్పీడ్‌లో నడుస్తుంది, అక్కడ ఈ పంటు లెక్క పనికిరాదు, దానికి వేరే వీడియో. ఇంకొకటి, కొత్త బోర్డు మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. రామ్‌ని బోర్డు సరిచూసుకుంటోందన్నమాట. కంగారుపడి స్విచ్ పీకెయ్యకండి, కరెంటు కోత ఉన్న పూట అసలు మొదలే పెట్టకండి.